టార్చిలైటుకు చవక మీటరు చాలదా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఏ ఊరి అంగట్లో అడిగినా ప్రతి టార్చిలైటూ దూరం కొట్టేదే! రాత్రిపూట అరటితోటకు నీళ్లు కట్టబోయే మనిషికి గట్టుమీద పాము కనిపించాలంటే ఆ మాట చాలదు. కంటినీ నమ్మలేం, వెలుగును బట్టి కనుపాప మారిపోతుంది. కొలవాల్సిందే. అందుకు ఖరీదైన మీటరు అక్కరలేదని నా అభిప్రాయం.

ఒక చదరపు మీటరుపై ఎంత వెలుగు పడుతోందో లక్స్ మీటరు చెబుతుంది. చవక రకం పదిశాతం తప్పు చూపినా ఫరవాలేదు. రెండూ ఎల్.ఇ.డి. లైట్లే అయితే ఆ తప్పు రెంటికీ ఇంచుమించు ఒకటే, పోలిక చెడదు. కొనేముందు ఒకే లైటును పదిసార్లు కొలవండి. అంకె గంతులు వేస్తే ఆ మీటరు వద్దు. సెల్‌ఫోను కూడా వద్దు. దాని సెన్సారు ఫోనుకొక రకం.

చీకటి గదిలో 2 మీటర్ల దూరాన 400 లక్స్ వచ్చిందనుకోండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే కదా! ఆ లెక్కన 80 మీటర్ల దగ్గర మిగిలేది పావు లక్స్, సుమారు పున్నమి వెన్నెలంత. డబ్బామీద కిలోమీటరని అచ్చేసినా అంతే. పది నిమిషాలు వెలిగించాక మళ్లీ కొలవండి. సెల్లు నీరసించాక వచ్చే అంకే అసలుది.

మీటరే దొరకలేదా? తెల్లకాగితంపై శెనక్కాయనూనె చుక్క వేయండి. చెరోవైపు ఒక లైటు పెట్టి, చుక్క దాదాపు మాయమయ్యేదాకా ఒకదాన్ని జరపండి. దూరాల వర్గాల నిష్పత్తే కాంతుల నిష్పత్తి. 19వ శతాబ్దంలో ఈ పద్ధతి కనిపెట్టింది బున్సెన్, మీ లాబొరేటరీలోని బర్నరుకు పేరిచ్చిన ఆయనే.