తీరంలో చదువు

సముద్రాన్ని గురించి విద్యార్థులు తరగతిలో చదివేది తక్కువేమీ కాదు. ఆటుపోట్లకు కారణమేమో, సముద్రజలంలో ఏయే లవణాలున్నవో తప్పులేకుండా వ్రాయగలరు. అయినా ఒడ్డుకు కొట్టుకువచ్చిన తాబేలు కళేబరం ఎదురైతే, అది ఎందువలన మరణించి ఉండవచ్చునో చెప్పగలవారు అరుదు. సముద్ర విద్య సముద్రతీరంలోనే జరగాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ తీరంలో బ్రతికే ప్రజల సంస్కృతిలోనుండి పుట్టాలి.

ఇందుకు గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరమే నిదర్శనం. చేపలన్నింటిలోను పెద్దదైన తిమింగల సొర అక్కడికి వస్తుంది. 12 మీటర్లకు పైగా పెరిగే ఆ ప్రాణి మనుషుల జోలికి పోదు. నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులతో పొట్ట నింపుకుంటుంది. కాలేయపు నూనె కోసం, మాంసం కోసం జాలరులు దానిని ఒకప్పుడు విరివిగా వేటాడారు. 2001లో చట్టం వేటను నిషేధించింది. కానీ నడిసముద్రంలో చట్టాన్ని చదివి వినిపించేదెవరు? 2004లో మొదలైన ప్రచారంలో రామకథా ప్రవచనకర్త మొరారి బాపు ఆ సొరను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. దానంతటి గాలిబొమ్మను ఊళ్లలో ప్రదర్శించి నాటకాలు ఆడారు. క్రమంగా జాలరులు వల కోసి సొరను విడిచిపెట్టసాగారు. వల నష్టానికి అటవీశాఖ పరిహారం ఇచ్చింది. ఈ సంగతిని విస్మరించరాదు. ఆప్యాయత ఎంత గొప్పదైనా వల ఖరీదు తీర్చలేదు.

చేతితో నేర్చే చదువుకు చెన్నై మరొక ఉదాహరణ. అక్కడ 1988 నుండి విద్యార్థి స్వచ్ఛంద సేవకులు రాత్రివేళ ఇసుకలో నడచి, ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గ్రుడ్లను సేకరించి, కాపుదల ఉన్నచోట తిరిగి పూడ్చుతున్నారు. ఒక్కొక్క గూటిలో సుమారు 100 గ్రుడ్లు ఉంటాయి. వాటిని దొర్లించకుండా మోసుకువచ్చే నేర్పు చేసి చూస్తేనే అలవడుతుంది. పొదిగిన పిల్లలు వెలుతురు వైపు సాగుతాయి. నగర దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. నల్లబల్లపై ఇది ఒక్క వాక్యం. రోడ్డు వైపు ప్రాకుతున్న పిల్లను చూచినవాడు మాత్రం తన ఇంటి దీపాన్ని గురించి కూడా ఆలోచిస్తాడు.

శ్రీకాకుళం జిల్లాకు ఈ విషయంతో దగ్గరి బంధమున్నది. అక్కడి మత్స్యకారులు అనేకులు కూలికై గుజరాత్‌లోని వేరావల్ పడవలెక్కుతారు. వారి సొంత తీరానికి ఆలివ్ రిడ్లీలు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటున్నాడు. అంతమాత్రాన తాబేలు క్షేమమని తలచరాదు. ఊపిరికై నీటిపైకి రావలసిన ఆ ప్రాణి మరబోటు ఈడ్చే ట్రాల్ వలలో చిక్కితే నీటిలోనే ప్రాణం విడుస్తుంది. అది తప్పించుకొనే చట్రాన్ని వలకు అమర్చవచ్చు. దానితోపాటు రొయ్యలూ జారిపోతాయని బోటువారి భయం. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టివేసే విద్య ఎవరికీ అక్కరకు రాదు. విద్యార్థి ఆ చట్రాన్ని స్వయంగా పట్టి చూడాలి. మత్స్యకారుని గురువుగా ఎంచి లాభనష్టాల లెక్క అడగాలి.

అయితే తాబేళ్లు ఒడ్డుకు వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఇంటర్మీడియట్ విద్యార్థులకు ప్రయోగ పరీక్షల, వార్షిక పరీక్షల కాలం.