ర్యాంపు సరే, రోడ్డేదీ?
2024 మే 13న ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతాల్లో సాయంత్రం ఆరు దాకా ఎన్నికల పోలింగ్ జరిగితే అరకు, పాడేరు, రంపచోడవరంలో నాలుగింటికే ముగించారు. రోడ్డు లేని గూడెం నుంచి నడవలేని మనిషి డోలీలో దిగాలంటే ఆ రెండు గంటలూ చిన్నవేం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అన్ని పోలింగ్ కేంద్రాలూ అందుబాటులో ఉండాలంది; మన అధికారులకది గుమ్మం ముందు ర్యాంపుగానే అర్థమైంది. ఇంటి నుంచే ఓటేయొచ్చుగా అంటారు. వేయొచ్చు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు కాగితముంటే, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డీ ఇస్తే. ఆ కాగితమిచ్చే సదరం శిబిరానికీ మళ్లీ డోలీయే (మోసేవాళ్ల కూలి పోయినట్టే). ఓట్ల కోసం సిబ్బంది కొండెక్కుతున్నప్పుడు, మామూలు రోజుల్లో సదరం డాక్టర్లు ఎందుకెక్కరు?