గంగారామ్ టీకొట్టు – మన టిఫిన్ సెంటర్

"సార్, బోర్డు మీద అమ్మ పేరు తీసేసి ఏదన్నా దేవుడి పేరు పెట్టేయనా?"

మొన్న రాత్రి నా పాత స్టూడెంట్ ఒకడు ఫోన్లో అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వారం సాహిత్యం పక్కనబెట్టి ఇడ్లీ గురించి రాస్తున్నాను.

వాడు డిగ్రీ అయ్యాక రెండేళ్ళు గ్రూప్స్‌కి చదివాడు. రాలేదు. బస్టాండు దగ్గర గది అద్దెకు తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టాడు. వాళ్ళమ్మ కమ్మలు తాకట్టు పెట్టి గ్రైండరు, స్టవ్వు, ఇడ్లీ పాత్ర కొన్నారు. రాత్రి పిండి రుబ్బి, మళ్ళీ తెల్లారుజామున మూడింటికి లేచి చట్నీలు చేసేది ఆమే. మొదటి నెల తొమ్మిదింటికల్లా పాత్ర ఖాళీ.

ఒకరోజు ఒక పెద్దాయన పెసరట్టు తింటూ, "చట్నీ బాగుందబ్బాయ్. మీదే ఊరు? మీరేమిట్లు?" అన్నాడు. వాడు దాచలేదు. ఆయన డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆయనా లేడు, ఆయనతో వచ్చేవాళ్ళూ లేరు. పదిహేను రోజుల్లో బేరం సగానికి పడిపోయింది.

అట్రాసిటీ చట్టం ప్రకారం ఆర్థిక బహిష్కరణ నేరమే. కానీ బహిష్కరించామని ఎవరన్నారు? టముకు వేయలేదు. కట్టుబాటు రాయలేదు. ఎవరికి వాళ్ళు రోడ్డు దాటి పక్క హోటల్‌కి వెళ్ళారు. ఎవరి మీద కేసు పెడతాం?

"దళితులు ఉద్యోగాలు అడగడం మాని వ్యాపారాలు చేసుకోవాలి" అని సభల్లో తెగ సలహాలిస్తుంటారు. పెట్టుబడి ఉంటే చాలనుకుంటారు. అది కూడా ఏం తేలిగ్గా దొరకదు. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా మన కోసమే అన్నారు. ఆ పథకంలో అప్పు మొదలైందే 10 లక్షల నుంచి. ఇడ్లీ పాత్రకు 10 లక్షలెందుకు? ముద్రలో శిశు రుణం 50 వేల లోపు, పూచీకత్తు అక్కర్లేదు. కానీ మేనేజరు ఎదురుగా కూర్చునేదాకా వెళ్ళడానికే చెప్పులరిగిపోతాయి. సరే, అప్పు పుట్టిందే అనుకుందాం. అప్పు గ్రైండర్ని ఇస్తుంది, గిరాకీని ఇవ్వదు.

రాజుల వంట, రెడ్డి మెస్, బ్రాహ్మణ భోజనం – మన ఊళ్ళలో బోర్డులు చూడండి. వాళ్ళకు కులం పెట్టుబడి. మనకు అదే అప్పు, పుట్టుకతో వచ్చిన అప్పు.

అంబేద్కర్‌కే తప్పలేదిది. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చి, బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ ఒకటి పెట్టాడు. ఆయన కులం తెలిశాక వచ్చేవాళ్ళు ఆగిపోయారు. మూసేశాడు. ఆయన సలహాలో లోపం లేదు, మా వాడి చట్నీలోనూ లోపం లేదు.

కొల్హాపూర్‌లో ఇంకో కథ నడిచింది. గంగారామ్ కాంబ్లే అనే మహర్ కులస్థుడు సంస్థానంలో కొలువు చేసేవాడు. నీళ్ళు ముట్టుకున్నాడని తోటి పనివాళ్ళే కొట్టారు. షాహూ మహరాజ్ అతనికి సాయం చేసి టీకొట్టు పెట్టించాడు. 'సత్యసుధారక్' దాని పేరు. టీ బాగానే ఉంది, తాగేవాడే లేడు. అప్పుడు షాహూ తన బండి ఆ కొట్టు ముందు ఆపించి, అందరూ చూస్తుండగా టీ తెప్పించుకుని తాగాడు. వెంట ఉన్నవాళ్ళకూ తాగక తప్పలేదు. 1902లోనే సగం కొలువులు వెనుకబడిన కులాలకు కేటాయించిన రాజు, ఆ ఉత్తర్వుతో సరిపెట్టుకోలేదు. గిరాకీగా వచ్చాడు.

ఇక నా సంగతి చెప్పాలి. వాడి లోన్ అప్లికేషన్ నేనే నింపాను. ఓపెనింగ్‌కి వెళ్ళి ఫొటో దిగాను, పోస్టు కూడా పెట్టాను. మళ్ళీ వెళ్ళలేదు. రోజూ పొద్దున నేను తినేది కాలేజీ ఎదురు హోటల్లో. వాడి సెంటరు అక్కడికి ఐదు నిమిషాల నడక. అంటే ఆ రోడ్డు దాటినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మిత్రులారా, జాలితో తినమనడం లేదు. ఇడ్లీ గట్టిగా ఉంటే గట్టిగా ఉందని చెప్పండి, మార్చుకుంటాడు. మనోడే కదా అని ఖాతా రాయించకండి, పదిమంది అప్పు పెడితే పదకొండో రోజు గ్యాస్ బండ రాదు. మన మీటింగులకు టిఫిన్లు ఎక్కడి నుంచి తెప్పిస్తున్నామో ఒకసారి లెక్క చూసుకోండి. పక్క కులాల స్నేహితుల్ని తీసుకెళ్ళండి, సభలో పక్కన కూర్చోవడం కన్నా అక్కడ కూర్చుని తినడం కష్టమైన పరీక్ష.

వాడికి నిన్న జవాబిచ్చాను. "అమ్మ పేరు తీయకురా. రేపట్నుంచి రోజూ వస్తాను, నలుగుర్ని వెంటబెట్టుకుని." ఈ పొద్దున వెళ్ళాం. వాళ్ళమ్మ డబ్బులొద్దంది. బల్ల మీద పెట్టి వచ్చాం.

జై భీమ్.