అంచులు కత్తిరించకండి

ఉప్పు తగినంత. కారం రుచికి సరిపడా. నూనె తగినంత. నీళ్లు కావలసినన్ని. తెలుగు వారపత్రికల్లో వంటల పేజీ చూసే అలవాటున్న ఎవరికైనా ఈ మాటలు తెలిసినవే. నేను చదువుకున్నది కన్నడ మీడియంలో కాబట్టి నాకు ఇవి ముందు సుధా, తరంగ పత్రికల్లో "రుచిగె తక్కష్టు ఉప్పు" అన్న రూపంలో పరిచయం. పెద్దయ్యాక కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకుంటే అక్కడా ఇదే ఎదురొచ్చింది. తగినంత అంటే ఎంతో తెలిసినవాళ్లకి ఆ పేజీ అక్కర్లేదు. తెలియనివాళ్లకి ఆ పేజీతో వంట అవ్వదు.

పత్రికలను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. నా గొడవ మనవాళ్లతోనే. ఆంధ్రా, తెలంగాణ బయట స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు పాత కాగితాలు వెతికి, వారసత్వం అని భద్రం చేసుకుంటున్నాయి. పత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న వంటల ముక్కలు కూడా అందులో ఉంటున్నాయి. మంచిదే. కానీ భద్రం చేసేటప్పుడు అచ్చయినదాన్ని ఉంచి, దాని పక్కన ఇంటివాళ్లు చేత్తో రాసుకున్నదాన్ని తీసేస్తున్నాం. రెండింటిలో ఒకటే ఉంచుకోగలం అనుకుంటే, చేతిరాత ఉంచుకుని అచ్చు పారేయండి అంటాను నేను.

మా ఇంటి సంగతే చెప్తాను. మా వాళ్లు మదనపల్లె వైపు నుంచి బెంగుళూరుకి వచ్చి మూడు తరాలయింది. ఇంట్లో ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. దాన్నిండా ఆంధ్రప్రభ, స్వాతి, వనితాజ్యోతి లాంటి పత్రికల్లోని వంటల ముక్కలు అంటించి ఉంటాయి. అవ్వకి తెలుగు చదవడం వచ్చు. పెద్దమ్మ చదివింది కన్నడ బడిలో. అవ్వ చదివి వినిపిస్తే పెద్దమ్మ వండేది. వండినాక ఏమైందో ఆ ముక్క పక్కనే పెన్సిల్‌తో రాసేది. మాట తెలుగు, అక్షరం కన్నడం. ఈ మధ్య మా చిన్నాయన అన్నీ ఓపిగ్గా స్కాన్ చేసి అందరికీ పంపించారు. ఆ ఓపికకి దండం పెట్టాల్సిందే. కానీ పంపే ముందు పెన్సిల్ రాతలన్నీ కత్తిరించేశారు. "అవి కన్నడంలో ఉన్నాయి కదమ్మా, మనది తెలుగు వారసత్వం, నీటుగా ఉండొద్దా" అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. రోజంతా నేను చేసేది ఒకటే: ఎవరో రాసిచ్చిన పనిని చెప్పినట్టే చేసి, చెప్పిన ఫలితం వచ్చిందా లేదా అని రాయడం. ఆ కళ్లతో చూస్తే మా పెద్దమ్మ రాసిపెట్టినవి అచ్చమైన టెస్ట్ రిపోర్టులు. ఏ వస్తువు మార్చింది, ఎంత వేసింది, ఎలా వచ్చింది, ఎవరు తిన్నారు, అన్నీ ఉన్నాయి. అచ్చయిన ముక్కలో అవేవీ లేవు. అచ్చు వేసే ముందు ఎవరైనా వండి చూశారా అన్న సంగతి కూడా ఆ ముక్కలో ఎక్కడా ఉండదు.

కొన్ని చూడండి. ఒక ముక్కలో ఆనపకాయ పులుసు అని ఉంది. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. మా ఇంట్లో అనపకాయ అంటే చిక్కుడు జాతి గింజల కాయ, బెంగుళూరులో ఏటా చలికాలం మేళా పెట్టి మరీ అమ్మే అవరెకాయి. దాన్ని పితికి పితికిపప్పు చేసుకుంటాం, ఇక్కడివాళ్లు హితకిదబేళె అంటారు. ఒక్క దీర్ఘం తేడాతో కూరగాయే మారిపోతుంది. పెద్దమ్మ పక్కన ఒకే మాట రాసింది: "సోరెకాయి". ఆ మాట కత్తిరించేసి, ఈ ముక్కని బెంగుళూరులో పెరిగిన మా అన్న కూతురికి ఇస్తే ఆ పిల్ల అవరెకాయతో పులుసు పెడుతుంది. తప్పు పిల్లది కాదు.

ఇంకోటి గోంగూర పచ్చడి. అచ్చులో "ఎండుమిరపకాయలు 10" అని ఉంది. ఏ మిరపకాయ? గుంటూరు మిరప ఘాటు వేరు, హావేరి జిల్లా బ్యాడగి మిరప వేరు. రెండింటికీ జీఐ గుర్తింపు ఉంది, రెండూ మంచివే. కానీ బ్యాడగి రంగుకి పేరు, గుంటూరు కారానికి పేరు. బెంగుళూరు అంగడిలో ఎండుమిరపకాయ అని అడిగితే చాలాసార్లు ముడతలు ముడతలుగా ఉన్న బ్యాడగే చేతికిస్తారు. పది బ్యాడగి వేస్తే పచ్చడి ఎర్రగా, చప్పగా ఉంటుంది. పెద్దమ్మ రాత: "6 గుంటూరు, 4 బ్యాడగి. పిల్లలు తిన్నారు."

ఇడ్లీ ముక్కలో "రాత్రంతా పులియనివ్వాలి" అని ఉంది. ఎక్కడి రాత్రి? విజయవాడలో వేసవి రాత్రా, బెంగుళూరులో డిసెంబరు రాత్రా? ఇక్కడ చలికాలంలో తెల్లవారుజామున పదిహేను, పదహారు డిగ్రీలకి దిగిపోతుంది. పిండి ఆరింటికి కూడా నిద్రపోతూనే ఉంటుంది. పెద్దమ్మ రెండు లైన్లు రాసింది. "డిసెంబరు: మధ్యాహ్నం దాకా ఆగాలి. ఏప్రిల్: పొద్దున ఆరుకే చాలు." పప్పు ఉడికే సంగతీ ఇంతే. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూతలేని గిన్నెలో కందిపప్పుకి విజయవాడలో పట్టినంత సేపు ఇక్కడ చాలదు. ఆఫీసులో డెవలపర్లు "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అంటూ ఉంటారు. వంటల పేజీ కూడా అదే అంటోంది. నిజమే, ఆ వంటింట్లో పనిచేసే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ అరిసెల ముక్క. "బియ్యప్పిండి 4 కప్పులు, బెల్లం అరకిలో." కప్పు అంటే ఏది? కొలతల సెట్‌లో వచ్చే కప్పు 250 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. నాలుగు కప్పులంటే ఒక ఇంట్లో లీటరు పిండి, ఇంకో ఇంట్లో 720 మిల్లీలీటర్లు. బెల్లం మాత్రం రెండిళ్లలోనూ అరకిలోనే. అన్నీ కప్పులతోనే చెప్పుంటే కప్పు ఏదైనా పాళ్లు నిలిచేవి. ఒకటి కప్పుతో, ఒకటి కిలోతో చెప్పారు కాబట్టి నిలవవు. పైగా పిండి మిల్లుదా, తడిదా అన్న మాటే లేదు. అరిసెలకి బియ్యం నానేసి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే దంచిన పిండి కావాలి. పెద్దమ్మ రాత ఇలా ఉంది: "మిల్లు పిండి వద్దు. తడిపిండి. పావుతో కొలిచి వేయి. పాకం నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, గట్టిపడితే దించడం ఆలస్యమైనట్టు." పావు అంటే పావుసేరు కొలిచే గిన్నె, ఇక్కడి కన్నడ ఇళ్లల్లోనూ అదే పేరు.

ఇది చెప్తే మనవాళ్లు ఠక్కున అనే మాట ఒకటుంది. "అవ్వలు ఏనాడైనా కొలిచారా? అంతా చేతివాటమే కదా." నేను ఒప్పుకోను. కొలవకుండా వండే జాతికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అన్ని పేర్లు ఎందుకు? నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క తెలిసిన చేతులవి. నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం అన్నా కూడా కొలతే, ఆ కాయ అందరి కంటికీ తెలుసు కాబట్టి. తీగపాకం, ఉండపాకం అన్నవి ఇంకా గట్టి కొలతలు. గారెల పిండి నీళ్లలో వేస్తే తేలాలి అన్నది ఎవరైనా చేసి చూసుకోగల పరీక్ష. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, బజార్లో సోలా సేరూ పోయాయి. ఇంట్లో చాలా ఏళ్లు అవే గిన్నెలు తిరిగాయి. పాత కొలత పోయి, కొత్త కొలత ఇంకా అలవాటవ్వని ఆ సందులో "తగినంత" బాగా ఇమిడిపోయింది. దాన్ని ఇప్పుడు మనం సంప్రదాయం అంటున్నాం.

ఆ పేజీ రాసినావిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ మనసులో ఉన్న పాఠకురాలి వెనకాల ఒక అమ్మో, అత్తో, పక్కింటి పిన్నిగారో ఉన్నారు. "ఇంకాస్త ఉప్పు పడుతుందే" అని చెప్పే మనిషి ఉన్నప్పుడు తగినంత అంటే సరిపోతుంది. వైట్‌ఫీల్డ్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో, హోసూరులో, సూరత్‌లో, డల్లాస్‌లో ఆ మనిషి లేదు. అక్కడ వంట చెడితే మాట ఎవరికి పడుతుంది? కొత్త కోడలికి. "నీ చేతికి రుచి లేదు" అంటారు. ముప్పై ఏళ్లు అదే వంటింట్లో నేర్చుకున్నామె చేతినీ, నాలుగు లైన్ల కాగితం చూసి మొదటిసారి చేసినామె చేతినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేస్తారు. మా ఆఫీసులో అరకొరగా రాసిన రిక్వైర్‌మెంట్ ఇచ్చి, ఫలితం రాలేదని వాడినవాళ్లని తిడితే ఎవరూ ఊరుకోరు. ఇంట్లో మాత్రం తరతరాలుగా ఊరుకుంటున్నాం.

పత్రికలో చోటు తక్కువ, అన్నీ రాయలేరు అంటారు ఇంకొందరు. "తగినంత ఉప్పు" అన్న చోట "ఉప్పు 2 చెంచాలు" అంటే ఎక్కువ చోటేం పట్టదు. అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ 1896లోనే బోస్టన్ వంటబడి పుస్తకంలో చెంచా, కప్పు మట్టంగా కొలవాలని పట్టుబట్టింది. అంత దూరం ఎందుకు, మన పక్కన మద్రాసులో మీనాక్షి అమ్మాళ్ 1951లో వేసిన తమిళ పుస్తకం పేరే "సమైత్తు పార్", అంటే వండి చూడు. కొత్తగా కాపురం పెట్టిన పిల్ల ఒంటరిగా వండుకోగలగాలన్న లెక్కతో రాసిన పుస్తకమది. తెలుగులో ఇంటింటా చేరిన "వంటలు - పిండివంటలు" రాసిన మాలతీ చందూర్ గారు కాపురం ఉన్నదీ మద్రాసులోనే. ఆంధ్రప్రభ వీక్లీలో ప్రమదావనం నడిపిందీ అక్కడి నుంచే. అంటే తెలుగు వంట రాసిపెట్టే పనిలో బయట ఉన్నవాళ్లకి ముందు నుంచీ వాటా ఉంది. ఆ వాటా మనం వదులుకుని, బయటి ఊళ్లో మన ఇంటివాళ్లు రాసుకున్నదాన్ని మైల అన్నట్టు కత్తిరించడమేంటి?

ఇప్పుడన్నీ వీడియోల్లో ఉన్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉన్నాయి, నేనూ చూస్తాను. పాకం ఎలా సాగుతుందో చూపించడానికి వీడియో కంటే మంచిది లేదు. కానీ మీరు వండి, రెండు చెంచాలు ఎక్కువైందని తెలుసుకున్నాక ఆ సంగతి ఎక్కడ రాస్తారు? వీడియోకి అంచు లేదు. కాగితానికి ఉంది. ఆ అంచులోనే పత్రిక వంట మన ఇంటి వంట అయింది.

అక్షరం కన్నడం కాబట్టి తెలుగు కాదన్న మాటకి నా జవాబు చిన్నది. "పిల్లలు తిన్నారు" అన్నది ఏ అక్షరాల్లో రాసినా తెలుగే. తెలుగు బడి అందుబాటులో లేని ఊళ్లో, తనకొచ్చిన అక్షరాలతో తన భాష రాసుకున్న ఆడమనిషి రాత అది. రేపు అమెరికాలో మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటే అదీ అంతే. ఏ ఊళ్లో బతికామో, ఏ అంగడిలో కొన్నామో, ఏ చలిలో పిండి పులిసిందో ఆ రాతలోనే ఉంది. అచ్చు ముక్క పాత సంచికల్లో ఎప్పటికైనా దొరుకుతుంది. పెన్సిల్ రాత ఇంకెక్కడా లేదు. పైగా మా పుస్తకంలో చాలాచోట్ల "గు.చెం. 2" అని ఉంది. గుండ్రటి చెంచానా, గుంట చెంచానా, ఆ చెంచా ఎంతదో ఇంట్లో ఒక్క పెద్దమ్మకే తెలుసు. ఆమెకిప్పుడు డెబ్బై ఎనిమిది.

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి పుస్తకం ఉంటే పేజీ మొత్తం స్కాన్ చేయండి, నూనె మరకతో సహా. చేతిరాతని దాని అక్షరాల్లోనే ఉంచి, కింద తెలుగులోనో, మీ పిల్లలు చదవగలిగే లిపిలోనో తిరిగి రాయండి. ఒక్కో ముక్కా తీసుకుని మీ వంటింట్లో వండండి. ఏ కప్పు, ఏ మిరపకాయ, ఏ నెల, ఎంతమందికి, ఎలా వచ్చింది, తేదీ వేసి రాయండి. బాగా రాకపోతే అదీ రాయండి. తర్వాత చేసేవాళ్లకి అది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఆ రాతలు రాసినామె బతికుంటే, ఆమెను పొయ్యి దగ్గర కూర్చీ వేసి కూర్చోబెట్టి, ఆమె చెంచా మీ కొలత చెంచాలోకి ఒంపి చూడండి. పండగ దాకా ఆగొద్దు, ఈ ఆదివారమే చేయండి.