కుర్చీలో కూర్చున్న దేహము



మన పల్లెల్లో తల్లిదండ్రులు బిడ్డల కోసం చేసే ప్రార్థనల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. "ప్రభువా, మేము ఎండలో మాడినట్టు మా బిడ్డ మాడకూడదు. నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం ఇయ్యి" అంటారు. పులివెందుల వైపు చీనీతోటల్లో, అరటితోటల్లో కూలికి పోయినవారు, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో శనగ పీకినవారు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పత్తి ఏరినవారు ఈ ప్రార్థన చేశారు. చాలా ఇండ్లలో దేవుడు ఆలకించాడు. బిడ్డలు బ్యాంకుల్లో, మండల కార్యాలయాల్లో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో లెక్కల దగ్గర కుదిరారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఎందరో పల్లె బిడ్డలు మొదటిసారి కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చున్నారు.

అయితే ఇప్పుడు ఆ ఇండ్లలోనే ఇంకొక మాట వినబడుతోంది. సాయంత్రం కొడుకు నడుము పట్టుకుని వస్తాడు. కూతురు మెడ తిప్పలేక, కళ్లు మండుతూ వస్తుంది. "పొద్దస్తమానం ఫ్యాను కింద కూర్చునేవాళ్లకు నొప్పులేంది? మేము మోసినంత బరువు మోశారా?" అంటారు పెద్దలు. బిడ్డ ఇక ఏమీ చెప్పడు. నొప్పి దాచుకుని మందుల అంగట్లో మాత్ర కొనుక్కుంటాడు. నెలలు గడుస్తాయి. ఆ జీతం మీద ఆధారపడిన కుటుంబానికి అతడు మంచాన పడినప్పుడు గానీ సంగతి తెలియదు. అందుకే ఈ నెల ఈ శీర్షికను కూర్చున్నవారికీ, వారి ఇంటివారికీ కలిపి వ్రాస్తున్నాము.

కూర్చుని చేసే పనికి కూడా జబ్బులున్నాయని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తుల వలన వచ్చే వ్యాధుల గురించి ఒక గ్రంథము ప్రచురించాడు. దాని 1713 ముద్రణలో వ్రాతగాళ్ల బాధలకు మూడు కారణాలు చూపించాడు. ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, తప్పు రాకూడదని మనస్సును బిగబట్టుకోవడం. కలం పోయి కంప్యూటరు వచ్చినా ఈ మూడూ పోలేదు.

1953లో ఇంగ్లండులో మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కలిసి లండను బస్సుల సిబ్బందిని పరిశీలించిన వివరాలు వెలువరించారు. డ్రైవరు రోజంతా సీటులో కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగుతుంటాడు. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. ఉత్తరాలు పంచే పోస్టుమన్లకూ, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాలకూ మధ్య కూడా అటువంటి తేడాయే కనిపించింది.

దీనికి కారణము కష్టమైనదేమీ కాదు. మన పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు పైకి నెడతాయి. తొడల కండరాలు పని చేస్తే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. గంటల తరబడి కదలకపోతే కాళ్లు వాస్తాయి, తిన్న అన్నం చక్కెరై రక్తంలోనే ఎక్కువసేపు నిలుస్తుంది. ముందుకు వంగి కూర్చుంటే వెన్నుపూసల మధ్యనున్న మెత్తల మీద భారం పెరుగుతుంది. నాయనకు చేను చేసిన మేలును కొడుకుకు కుర్చీ చేయదు. తిండి మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక ప్రశ్న అడుగుతారు. భక్తితో పోల్చితే శరీర వ్యాయామము చిన్నదని పౌలు తిమోతికి వ్రాశాడు కదా (1 తిమోతి 4:8), మనకెందుకు ఈ కసరత్తులు అంటారు. చిన్నదన్నాడు గాని, దండుగ అనలేదు. అదే పత్రికలో తరువాతి అధ్యాయములో (5:23) ఆయన తిమోతి కడుపును గురించి, అతనికి తరచుగా వచ్చే జబ్బులను గురించి తండ్రిలా పట్టించుకున్నాడు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని కొరింథీ సంఘానికి నేర్పినవాడూ ఆయనే. మన ప్రాంతంలో సువార్త తెచ్చిన లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా నిలిపారు. క్యాంబెల్ ఆసుపత్రి పేరు మన పెద్దలకు కొత్త కాదు. ఆత్మను ప్రేమించినవారు దేహాన్ని విడిచిపెట్టలేదు. గుడిని ఊడ్చుకున్నట్టే దేహాన్నీ చూసుకోవాలి.

ఇక చేయవలసినవి చెప్పుకుందాము. వీటికి డబ్బు అక్కరలేదు, బట్టలు మార్చుకోనక్కరలేదు.

మొదట కూర్చునే తీరు. పాదాలు రెండూ నేలకు ఆనాలి. కుర్చీ ఎత్తయితే కాళ్ల కింద చెక్కపెట్టె పెట్టుకోండి. నడుము వెనుక తువాలు మడిచి పెట్టుకోండి. కంప్యూటరు తెర పైఅంచు కళ్లకు సమానంగా ఉండాలి. తక్కువైతే కింద రెండు పాత రిజిస్టర్లు పెట్టండి. బంగారు అంగళ్లలో పరుపు మీద బాసిపట్టు వేసుకుని వ్రాసేవారు వ్రాతబల్లను ఎత్తు చేసుకుని, గోడకు వీపు ఆనించండి. కాళ్లు మాటిమాటికి చాపుకోండి.

అరగంటకొకసారి లేవండి. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి. ఫైలు కోసం మీరే నడవండి. లేచినప్పుడు రెండు చేతులూ నడుము మీద పెట్టి, మెల్లగా 5 సార్లు వెనక్కి వంగండి.

కూర్చునే మడమలు పైకెత్తి దించండి, 20 సార్లు. ఒక్కొక్క కాలు ముందుకు చాపి, 5 లెక్కపెట్టి దించండి, 10 సార్లు.

భుజాలు చెవుల దాకా ఎత్తి వదలండి, 10 సార్లు. మెడను కుడికి, ఎడమకు నిదానంగా తిప్పండి. గుండ్రంగా గిరగిర తిప్పవద్దు. పిడికిలి బిగించి విప్పండి. ప్రార్థనలో వలె అరచేతులు కలిపి, మణికట్లను కొంచెం కిందికి దించి 10 లెక్కపెట్టండి.

20 నిమిషాలకొకసారి తెర నుండి చూపు తిప్పి, 20 అడుగుల దూరంలోని చెట్టునో గోడనో 20 సెకన్లు చూడండి. తెర చూసేటప్పుడు మనము రెప్పలు తక్కువగా వేస్తాము. కళ్లు మండేది అందుకే.

అక్కచెల్లెళ్లకు ప్రత్యేకముగా ఒక మాట. పనిచోట మరుగుదొడ్డి సరిగా లేదని చాలామంది నీళ్లు తాగడం మానుకుంటున్నారు. మన కడప ఎండల్లో ఇది మూత్రపు మంటకు, రాళ్లకు దారితీస్తుంది. ఇది సిగ్గుపడే విషయము కాదు. నలుగురు కలిసి పైఅధికారిని అడగండి. అక్కడ పని చేసే అన్నదమ్ములు కూడా వారి పక్షాన మాట్లాడాలి.

కుర్చీలో చేసే ఈ కదలికలు నడకకు బదులు కావు. వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల సారాంశము. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే సరిపోతుంది. ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలుగా నడవండి. రాత్రి సంగటి తిన్న వెంటనే మంచం ఎక్కక పది నిమిషాలు నడిస్తే చక్కెర జబ్బు ఉన్నవారికి మరీ మేలు.

కొన్ని గుర్తులు కనిపిస్తే కసరత్తుతో సరిపెట్టుకోవద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నడుము నొప్పితో కాలు మొద్దుబారి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆలస్యం చేయవద్దు. ఒకే పిక్క వాచి నొప్పి పుట్టినా చూపించుకోండి. గర్భిణులు, ఆపరేషను అయినవారు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి.

చివరగా ఇంటి పెద్దలకు మా మనవి. మీ కష్టము గొప్పది, దానిని ఎవరూ కాదనలేరు. అయినా బిడ్డ నొప్పి అన్నప్పుడు మీ కష్టముతో తూచవద్దు. "ఎక్కడ నొప్పి నాయనా?" అని అడగండి. సాయంత్రం కూటానికి బండి మీద పంపక, వీలైనప్పుడు వానితో కలిసి నడవండి. మీ ప్రార్థన విని ఆ కుర్చీని ఇచ్చిన దేవుడు, అందులో కూర్చున్న దేహాన్ని కూడా మీ ఇంటికి అప్పగించాడు. ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.