ఫీజు బోర్డు మీదుంది, మందుల ధర ఎక్కడుంది?

ఎవరు రాశారు, ఎవరిని ఉద్దేశించి రాశారు, ఎవరికి అర్థం కాకుండా రాశారు? సాహిత్యం చదువుకున్నవాళ్లం ఏ రచన ముందు పెట్టినా అడిగే ప్రశ్నలివి. డాక్టరు రాసిచ్చే మందుల చీటీని కూడా నేను ఇలాగే చదువుతాను. చీటీ మీద పేరు రోగిది. భాష డాక్టరుది. చదివేది మెడికల్ షాపతను. ఆ మందు ఎవరి ఒంట్లోకి వెళ్తుందో, ఎవరి కొంగుముడి విప్పితే దానికి డబ్బులొస్తాయో ఆ మనిషికి ఆ సంభాషణలో చోటు లేదు. మందు పేరుంటుంది, ఎన్ని పూటలో ఉంటుంది, ఎన్ని రోజులో ఉంటుంది. ధర మాత్రం ఉండదు. ఈ ఖాళీ అనుకోకుండా మిగిలింది కాదనీ, దాని బరువు అందరికంటే ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతోందనీ నేనంటాను.

మాది అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. బుడ్డలు వేసి మొగులు వైపు చూసే సేద్యం. ఆ సేద్యం మీద కథ రాసి సింగమనేని నారాయణ దానికి 'జూదం' అని పేరు పెట్టారు. పరిశోధన కోసం ఆడవాళ్ల పాటలు, మాటలు సేకరిస్తూ ఈ పల్లెల్లో తిరిగినప్పుడు నేను గమనించిందేమంటే, కరువు గురించి మొదలైన మాట ఎక్కడో ఒకచోట మాత్రల దగ్గరికి వస్తుంది. గోడగూట్లోంచి ఒక డబ్బా తీసి చూపిస్తారు. అందులో కత్తిరించిన షీట్లు. నాలుగు మాత్రలొకచోట, మూడొకచోట.

బీపీ ఉన్న ఒకావిడ నాతో అన్న మాటలివి: "నెలకని రాసిచ్చినాడమ్మా. నేను పదైదు దినాలకే తెచ్చుకున్న్యా. ఒగ దినం మింగితే ఒగ దినం మింగను. నెల సరిపోతాది గదా." మరి మీ ఆయనవో అక్కా అంటే, "ఆయప్పవి పూరా తెస్తాం. పనికి పోవాల గదా" అంది. ఆ మాటంటున్న మనిషి కూడా అప్పుడే కూలి పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

ఆ ఇంట్లో జరిగింది వైద్య నిర్ణయం కాదంటారా? ఏ మందు ఎంత వాడాలన్నది నిర్ణయమైపోయింది. అయితే నిర్ణయించింది డాక్టరు కాదు, ఆమె కూడా పూర్తిగా కాదు. షాపు గల్లా దగ్గర ఆఖరి నిమిషంలో తెలిసిన ధర నిర్ణయించింది. తర్వాతిసారి వెళ్తే బీపీ తగ్గలేదని మందు మోతాదు పెంచుతారు, లేదా ఇంకా ఖరీదైన మందు రాస్తారు. "చెప్పినట్టు వాడవు, మళ్లీ మా దగ్గరికొస్తావు" అని కసురుతారు. చెప్పినట్టు వాడడానికి నెలకెంత అవుతుందో మాత్రం అప్పుడూ చెప్పరు.

ఇక్కడొక విచిత్రముంది. వైద్యుల నడవడి గురించి భారత వైద్య మండలి 2002లో చేసిన నిబంధనల ప్రకారం డాక్టరు తన ఫీజును గదిలో బోర్డు మీద స్పష్టంగా ప్రదర్శించాలి. మంచిదే. కానీ ఫీజు ఒకసారి కట్టేది. బీపీకీ షుగరుకీ థైరాయిడ్‌కీ మందులు ఏళ్ల తరబడి కొనాల్సినవి. నెలకు 600 రూపాయల మందులు రాశారనుకోండి, ఏడాదికి 7200 అవుతుంది. అంత ఖర్చు కలం పోటుతో తలమీద పెట్టే మనిషి ఆ మాట నోటితో చెప్పాలన్న నియమం ఆ నిబంధనల్లో లేదు. రోగుల హక్కుల పత్రమొకటి 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపింది. రేట్లలో పారదర్శకత, మందులు ఎక్కడ కొనుక్కోవాలో ఎంచుకునే హక్కు అందులో ఉన్నాయి. ఎంచుకోవాలంటే ముందు ధర తెలియాలి కదా!

షాపులో తెలుస్తుంది కదా అంటారు. షాపులో తెలిసే ధర ఆలస్యంగా తెలిసే ధర. డ్రగ్స్ రూల్స్ ప్రకారం, చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందుల్లో రాసిన బ్రాండుకు బదులు అదే రసాయనమున్న ఇంకో కంపెనీ మందు ఇచ్చే అధికారం షాపతనికి లేదు. అంటే ధర తెలిసే చోట మందు మార్చే వీలు లేదు, మందు మార్చే వీలున్న చోట ధర తెలియదు. ఈ రెండు చోట్ల మధ్య ఆడమనిషికి మిగిలే దారి ఒక్కటే, "సగం ఇయ్యప్పా" అనడం. వెనక వరసలో పదిమంది, పక్కన డబ్బులిచ్చే కొడుకో మొగుడో. షాపతను షీటు కత్తిరిస్తాడు. ధర, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది.

ఇక ధరల సంగతి. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు కింద అత్యవసర మందుల జాబితాలోని వాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. ఆ గరిష్ఠ ధర కట్టేది తయారీ ఖర్చును బట్టి కాదు, మార్కెట్‌లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటుకు అమ్మకందారు లాభం 16 శాతం కలిపి. జాబితా బయట ఉన్న మందులకు మొదటి ధర కంపెనీ ఇష్టం, ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. జాబితాలోని మందుల మీద కూడా టోకు ధరల సూచీ పేరుతో 2023 ఏప్రిల్‌లో 12 శాతం పైగా పెంపుకు అనుమతి దొరికింది. ఆ ఏడాది బుడ్డల రైతుకు ఏ సూచీ అనుమతిచ్చింది?

అదే ఉత్తర్వు షాపుల్లో ధరల జాబితాను అందరికీ కనిపించేలా పెట్టాలంటుంది. మా ఊళ్ల మెడికల్ షాపుల్లో తెలుగులో అలాంటి జాబితా నాకింతవరకూ కనిపించలేదు. 2016లో ధరలు చూసుకునే మొబైల్ ఆప్ వచ్చింది. డాక్టరు చేతిరాతలోని ఇంగ్లీషు పేరును అక్షరం పొల్లుపోకుండా కొట్టగలిగినవాళ్లకి, ఇంట్లో ఫోను తన చేతిలో ఉన్నవాళ్లకి అది ఉపయోగమే. నేను చెప్తున్న ఆడవాళ్లకి ఈ రెండూ లేవు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచి పెట్టిందే. జేబు అన్న మాట దగ్గర ఆగండి. జేబు మగవాళ్ల చొక్కాకి ఉంటుంది. ఆమె మందు ఖర్చు ఆ జేబును అడిగి తీసుకోవాల్సిన ఖర్చు. ఎంత అడగాలో ముందు తెలియకపోవడం అంటే రెండోసారి అడగాల్సి రావడం. చాలామంది ఆ రెండోసారి అడగరు, మాత్రలు మానేస్తారు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలుసు. డాక్టర్లకు తీరిక లేదు, అన్ని బ్రాండ్ల ధరలు వాళ్లకెలా తెలుస్తాయి అంటారు. కొత్త బ్రాండు వచ్చిందని చెప్పడానికి కంపెనీ ప్రతినిధి వస్తే వినే తీరిక ఉన్నప్పుడు ధరెంతని అతన్ని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మందులంటే మంటెత్తే ధరలున్న అమెరికాలో కూడా, చౌకగా దొరికే దారి రోగికి చెప్పొద్దని షాపుల నోరు కట్టే ఒప్పందాలను 2018లో చట్టం చేసి ఆపారు. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమాలో, మందు రాసే సమయానికే రోగికి పడే ఖర్చు డాక్టరుకు తెర మీద చూపించే సాధనం ఉండాలని 2021 నుంచి నిబంధన పెట్టారు. దాంతో అక్కడ ధరలు తగ్గిపోలేదు. కానీ ధర చెప్పడం వైద్యంలో భాగమేనని ఒప్పుకున్నారు.

ధర చెప్తే భయపడి కొనరు అనేది రెండో అభ్యంతరం. తెలిస్తే చెడిపోతారు అన్న ఈ వాదన ఆడవాళ్లకి కొత్త కాదు. చదువు విషయంలో విన్నాం, ఆస్తి విషయంలో విన్నాం, మన ఒంటి విషయంలోనూ విన్నాం. ధర చెప్పనందువల్ల ఆమె భయపడకుండా లేదు. భయం డాక్టరు ఎదుట కాకుండా షాపు గల్లా దగ్గర కలుగుతోంది, అంతే.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది కదా అనేది మూడోది. ఇస్తోంది, ఇవ్వాలి, ఇంకా ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి. రోజూ మింగే మాత్ర దానికి బయటే ఉంటుంది. సర్కారు ఆసుపత్రిలో స్టాకు లేనప్పుడు బయటికి రాసిచ్చే చీటీకి ధర ఎవరు చెప్తారు?

జనరిక్ పేర్లు రాస్తే సరిపోతుందన్నది ఇంకో మాట. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు మంచి పనే. జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నియమం తెచ్చింది, నాణ్యతకు హామీ ఎవరిదని డాక్టర్ల సంఘాలు అడ్డుపడడంతో అదే నెల 23న పక్కన పెట్టింది. నాణ్యత ప్రశ్న న్యాయమైనదే. అయితే ఫలానా బ్రాండే ఎందుకో, దానికెంత ఎక్కువో రోగికి చెప్పి రాయండి. పైగా జనరిక్ పేరు ఒక్కటే రాస్తే ఎంపిక డాక్టరు చేతిలోంచి షాపతని చేతిలోకి మారుతుంది, ఎక్కువ లాభమున్నది అతను తీసిస్తాడు. ధర తెలియని రోగికి ఎవరి చేతిలో ఉన్నా ఒకటే.

మేమడుగుతున్నది పెద్దదేం కాదు. మందు రాసేటప్పుడే నెలకెంత అవుతుందో నోటితో చెప్పాలి, చీటీ మీద అంకెల్లో రాయాలి. అన్నీ కొనలేకపోతే ఏది మానకూడదో, ఏది మానినా పరవాలేదో గుర్తు పెట్టాలి. అది చెప్పనందువల్లే బలానికని రాసిన టానిక్ కొని బీపీ మాత్ర వదిలేసేవాళ్లున్నారు. తరచుగా వాడే మందుల ధరలు తెలుగులో ప్రతి షాపు ముందూ, ప్రతి సచివాలయం గోడ మీదా రాయాలి.

ఇది కాని పని అనేవాళ్లకు మా జిల్లాలోని బండ్లపల్లిని గుర్తు చేస్తాను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది ఆ ఊళ్లోనే. ఆ తర్వాత ఈ రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అన్నది గ్రామసభల్లో పైకి చదివారు. అక్షరం రాని ఆడవాళ్లు లేచి నిలబడి ఆ లెక్క తప్పన్నారు. కూలి లెక్కను ఊరి ముందు చదివించుకున్నవాళ్లకి ఆ కూలిని మింగేస్తున్న మందుల లెక్క అర్థం కాదని ఎవరన్నారు?

'వైద్యుడు లేని చోట', 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకాలు మన శరీరం గురించి సిగ్గుపడకుండా అడగడం నేర్పాయి. ఇప్పుడు డబ్బు గురించి కూడా అలాగే అడగాలి. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు చీటీలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూసుకుందాం. ఒకే మందుకు ఎవరెవరు ఎంతెంత కట్టారో పోల్చుకుందాం. డాక్టరు కలం ఎత్తగానే "సార్, ఇది నెలకెంతవుతుంది?" అని అడుగుదాం. విసుక్కుంటే ఇంకోసారి అడుగుదాం. ఒక్కరే అడిగితే బీదరుపు అంటారు, ఊరంతా అడిగితే జవాబు చెప్పక తప్పదు.