కొరత నర్సులకా, న్యాయానికా?

నర్సులు దొరకడం లేదని, చేరినవాళ్ళు ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోతున్నారని ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలు తరచూ వాపోతుంటాయి. కారణాలు కూడా వాళ్ళే చెబుతారు. అమ్మాయిలకు నైపుణ్యం చాలదట, నిలకడ లేదట. పెళ్ళయితే మానేస్తారట, వీసా వస్తే వెళ్ళిపోతారట. వినీ వినీ మనం కూడా ఈ మాటలు నమ్మేస్తున్నామేమోనని నాకు అనుమానం.

నేను మాట్లాడిన నర్సులు చెప్పిన కారణాలు వేరు. అప్పు చేసి మూడేళ్ళు జి.ఎన్.ఎం., లేదా నాలుగేళ్ళు బి.ఎస్సీ. నర్సింగ్ చదివి వస్తే, చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసే ఆసుపత్రులున్నాయి. గడువుకు ముందు మానేస్తే డబ్బు కట్టాలని బాండు రాయించుకునేవీ ఉన్నాయి. సాధారణ వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఆ ప్రమాణం కాగితం మీదే ఉంటుంది, రాత్రి షిఫ్టులో వార్డు మొత్తానికీ ఒక్కతే ఉంటుంది. ఇలాంటి చోట నుంచి వెళ్ళిపోవడం నిలకడ లేకపోవడమా?

సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషులు నిలవకపోతే జీతాలు పెంచుతారు. ఆసుపత్రిలో నర్సులు నిలవకపోతే బాండు మొత్తం పెంచుతారు. ఈ తేడా ఎందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని నర్సుల్లో 90 శాతం మంది స్త్రీలే. ఆడవాళ్ళు చేసే పనికి 'సేవ' అని పేరు పెడితే కూలి తగ్గించడం తేలిక.

2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. అమలు మాత్రం రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ నర్సులు 2011 నుంచి సంఘం కట్టి, సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్‌లో కనీస వేతనం 20,000గా ప్రభుత్వ నోటిఫికేషన్ సాధించుకున్నారు. అది ఎవరి దయా కాదు.

ప్రభుత్వాలైనా ఆదర్శంగా ఉన్నాయా అంటే అదీ లేదు. కోవిడ్ కాలంలో తెలంగాణ ప్రభుత్వం అవుట్‌సోర్సింగ్‌లో తీసుకున్న నర్సులను, వెయ్యిమందికి పైగా, 2021 జులైలో ఇంటికి పంపింది. చప్పట్లు కొట్టించుకున్న చేతులకు పని లేకుండా పోయింది. ఆ అనుభవాన్ని, ఆ నైపుణ్యాన్ని వదులుకున్నది ఎవరు?

గల్ఫుకో, బ్రిటన్‌కో, జర్మనీకో వెళ్ళే అమ్మాయిని నేను తప్పుపట్టను. వెళ్ళడం ఆమె హక్కు. ఇక్కడ గౌరవంగా బతకలేక వెళ్ళాల్సి రావడమే అన్యాయం.

మనం చేయగలిగింది ఉంది. మన జిల్లాలోని ఆసుపత్రుల్లో షిఫ్టుకు ఎంతమంది నర్సులున్నారో, జీతం ఎంతో, సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయో వివరాలు సేకరిద్దాం. ఆ వివరాలతో కార్మిక శాఖను, జిల్లా వైద్యాధికారిని నిలదీద్దాం. సంఘం పెట్టుకునే నర్సులకు తోడుగా నిలబడదాం. రోగి ప్రాణం నిలబెట్టే మనిషికి నిలబడే చోటు లేనంతకాలం కొరత గురించి మాట్లాడే అర్హత యాజమాన్యాలకు లేదు.